ఎర్ర జుట్టు, ఎర్ర టోపీ

మా దీవిలో మగవాళ్ళు చాలా ధైర్యవంతులు. ఇంటి కప్పంత ఎత్తు అలల్లో పడవ నడుపుతారు. సొరచేపనైనా లెక్కచేయరు. వాళ్ళు భయపడేది ఒక్కదానికే. నా జుట్టుకి.

అది ఎర్రగా ఉంటుంది. పడవ ఎక్కబోతుంటే ఎర్ర జుట్టు ఆడమనిషి ఎదురైందా, ఆ రోజు వేట లేనట్టే. వెనక్కి తిరిగి ఇంటికి పోవలసిందే. అందుకని పడవలు వెళ్ళేదాకా నేను గడప దాటకూడదు. ఎవరితోనైనా మాట్లాడాలంటేనే నాకు బెరుకు కాబట్టి, ఈ ఆచారం నా సౌకర్యం కోసమే పెట్టారని చాలాకాలం అనుకున్నాను.

సోమవారం కోల్మన్ బాబాయికి ఒడ్డున ఈకల ఎర్ర టోపీ దొరికింది. జలకన్యలది. అది తలమీద లేకపోతే వాళ్ళు నీళ్ళలోకి దిగలేరు. బాబాయి దాన్ని తెచ్చి పొయ్యి పక్కన మేకుకి తగిలించాడు. టోపీ విడిపించుకోవడానికి సముద్రమే వలల నిండా చేపలు పంపుతుందని ఊరంతా చెప్పుకొచ్చాడు. సముద్రం మూడు రోజులు బాగా ఆలోచించి, ఒక పాత బూటు పంపింది.

అలకి టోపీ కొట్టుకుపోయిన పిల్ల సముద్రం మధ్య, సీల్ జంతువులు ఎండ కాగే బండ మీద చిక్కుకుని కూర్చుంది. నా ఈడుదే. ఆకుపచ్చ జుట్టు, వేళ్ళ మధ్య పలుచని పొర. మా ధైర్యవంతులు రోజూ ఆ పక్కనుంచే పోతూ మర్యాదగా తల తిప్పుకునేవారు.

నిన్న సాయంత్రం బంగాళదుంపలు తింటూ బాబాయి ఒక సంగతి చెప్పాడు. టోపీ లేకుండా సముద్రపు పోట్లు, రోజుకి రెండు చొప్పున, తొమ్మిది గడిస్తే జలకన్యలు ఇంటిదారి మరిచిపోతారట.

"రేపు పొద్దున్నది తొమ్మిదోది. ఆ తర్వాత ఇక్కడే పడుంటుందిలే. వలలు బాగుచెయ్యడం నేర్పిద్దాం."

నేను దుంప పళ్ళెంలో పెట్టేసి మేకుకున్న టోపీ వైపు చూశాను.

ఈ ఉదయం టోపీని ఏప్రన్ జేబులో దాచుకుని, అందరికంటే ముందే రేవు గోడ వెనక నిలబడ్డాను. ఆరుగురు మగవాళ్ళు తేలికపాటి తోలు పడవలు రెండింటినీ తలమీద బోర్లించుకుని వచ్చి నీటి అంచున దించారు. అప్పుడు తలమీది శాలువా తీసేసి ఎదురుగా వెళ్ళాను. మాటలు రానివాళ్ళకి ఇంత అనువైన ఆయుధం లేదు. ఊరికే నిలబడితే చాలు.

"మురెన్, బుద్ధుందా నీకు? తల కప్పుకోవే," అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకుని.

అప్పటికే ఆలస్యమైంది. ఆరుగురూ ఇళ్ళకి పోయి దుప్పట్లలో దూరారు. పడవలు మోసుకుపోవాలంటే నన్ను మళ్ళీ చూడాలి, అందుకని అక్కడే వదిలేశారు.

తెడ్డు ముట్టుకోవడం నాకదే మొదటిసారి. పడవ ముందు మూడుసార్లు గుండ్రంగా తిరిగి, ఆ తర్వాత దయతలచింది. అరచేతులు బొబ్బలెక్కేసరికి బండ చేరాను. పోటు నిండబోతోంది. టోపీ అందించాను. ఆ పిల్ల ఆత్రంగా లాక్కుంది. అంతలో నా తల చూసి వెనక్కి జరిగింది.

"నీది ఎర్ర జుట్టు. అది చూశాక బయల్దేరకూడదని మా అమ్మమ్మ చెప్పింది."

నీళ్ళ కింద కూడా తెలివైనవాళ్ళే ఉన్నారన్నమాట.

నీళ్ళు బండ మీది పాత పోటు గుర్తుని తాకడానికి ఇంకా బెత్తెడే ఉంది. కొత్తవాళ్ళతో వరసగా రెండు మాటలు మాట్లాడి ఎరగను.

"మా ఊళ్ళో నన్ను చూసినవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? వెనక్కి తిరిగి ఇంటికి పోతారు. నువ్వూ పో."

ఆమె కాసేపు ఆలోచించింది. ఆచారం ఆచారమే కదా. టోపీ పెట్టుకుని, వెనక్కి తిరిగి, నీళ్ళలోకి దూకింది.

నేను ఇల్లు చేరేసరికి బాబాయి ఖాళీ మేకు వైపు చూస్తున్నాడు.

"ఇదంతా నీ జుట్టు వల్లే," అన్నాడు.

ఆయన ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పాడు. నేను తల కప్పుకోలేదు.