పత్తికి చోటు

తుఫాను కబురు తండాకు టీవీలో వచ్చింది. అది మద్రాసు దగ్గర తీరం దాటుతుందని, వరంగల్ జిల్లాలో కూడా రెండు మూడు రోజులు వానలు తప్పవని చెప్పారు. విన్నవాళ్లు విని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. నీలి మాత్రం ఇంటికొచ్చి దీపం పట్టుకుని పైకప్పు చూసింది.

ఇల్లంటే ఒక్క గది. మట్టి గోడలు, మీద పెంకులు. దసరా ముందు నుంచి ఏరిన పత్తి అంతా ఆ గదిలోనే ఉంది. వెనక గోడకు ఆనించి పోసిన కుప్ప దూలం దాకా పోయింది. తలుపు పక్కన మిగిలిన జాగాలో అత్త సోమ్లీ నులక మంచం పట్టింది. తుంటి విరిగినప్పటి నుంచి సోమ్లీ ఆ మంచం దిగలేదు. నీలీ, ఆమె మొగుడు అమర్‌సింగ్ బయట చూరు కింద పడుకుంటున్నారు. పిల్లలిద్దరూ మహబూబాబాద్ హాస్టల్లో ఉన్నారు. ఆ పత్తి తడవకుండా జనగామ మార్కెట్‌కు చేరితే ఆ ఏడు గడుస్తుంది. తడిస్తే గింజ మొలకొస్తుంది, రంగు మారుతుంది, ఎవడూ ముట్టడు.

వెనక వాలు పెంకులను ఎండాకాలంలో కోతులు పగలగొట్టాయి. వానాకాలమంతా ఆ వాలు మీద టార్పాలిన్ పరదా కప్పి నెట్టుకొచ్చారు. వానలు వెనకబట్టగానే అమర్‌సింగ్ ఆ పరదా తీసుకుపోయి ఊళ్లో దీక్షా శిబిరానికి ఇచ్చాడు. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరి సెంటర్లో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. వాటిని నడిపిస్తున్నది ప్రభాకర్ రెడ్డి. అమర్‌సింగ్ కౌలుకు చేసే చేను ఆయనదే.

పొద్దున్నే నీలి పనిలో పడింది. వెనక గోడ వెంట కాలువ తవ్వి నీళ్లు వాగు వైపు మళ్లేలా చేసింది. గడప ముందు మట్టి కట్ట పోసింది. కట్టెలు మంచం కిందికి చేర్చింది. కోళ్లను గంప కింద మూసింది. రెండు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. యూరియా సంచులు కోసి, కుట్టి, నిచ్చెనేసుకుని పైకెక్కి పగిలిన పెంకుల మీద పరిచి రాళ్లు పెట్టింది. కింద నుంచి చూస్తే సంచుల మధ్య ఇంకా ఆకాశం కనబడుతోంది.

పరదా తెస్తానని సోమ్లీకి చెప్పింది. ముసలామె నోరు ఊరుకోదు. "మొగన్ని ఆ టెంటు కిందికెల్లి గుంజుకరాలేని దానివి. పరదా గుంజుకొస్తవా?" అంది.

శిబిరంలో ఆ రోజు దీక్షలో కూర్చున్న అయిదుగురిలో అమర్‌సింగ్ ఒకడు. మెడలో బంతిపూల దండ ఉంది. పెళ్లినాడు తప్ప అతని మెడలో ఎవరూ దండ వేయలేదు. పక్కన కుర్చీలో ప్రభాకర్ పేపరు చదువుతున్నాడు. టీ కొట్టు సాంబయ్య గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా తుఫాను ముచ్చటే నడుస్తున్నట్టుంది. సముద్రం ఆంధ్రోళ్లదే, తుఫానూ వాళ్లదేనని ఒకడన్నాడు.

"నీళ్లే రానియ్యలే వాళ్లు. తుఫాను రానిస్తరా?" అన్నాడు సాంబయ్య. అందరూ నవ్వారు. అమర్‌సింగ్ కూడా నవ్వాడు. అప్పుడే నీలి వచ్చి నిలబడింది.

ఇంటి మీద పెంకులు లేవని, లోపల పత్తి ఉందని, పరదా ఒక్క రెండు రోజులకు ఇస్తే వాన పోగానే తానే తెచ్చి కడతానని ప్రభాకర్‌కు చెప్పింది. ఆయన పేపరు మడిచాడు. రేపు హన్మకొండ నుంచి పెద్దలు వస్తున్నారని, పైన గుడ్డ లేకపోతే ఈ ఊరోళ్లు దీక్ష ఎత్తేశారనుకుంటారని నెమ్మదిగానే చెప్పాడు.

"రాష్ట్రం కావాల్నా, పరదా కావాల్నా నీకు?"

"రెండూ కావాలె పటేలా. పరదా మాత్రం ఇయ్యాల్నే కావాలె."

సాంబయ్య గ్లాసులు కింద పెట్టాడు. "తుఫానుకు నీలం అని పేరు పెట్టిండ్రట నీలీ. నీ పేరే గద. నువ్వే జర ఆగుమని చెప్పరాదు?"

మళ్లీ నవ్వులు లేచాయి. ప్రభాకర్ నవ్వలేదు. అమర్‌సింగ్ వైపు తిరిగి, "పరదా నీది. నువ్వు ఇప్పుమంటే ఇప్పుడే ఇప్పిస్త. చెప్పు," అన్నాడు.

అమర్‌సింగ్ పైన పరదా వైపు చూశాడు. తర్వాత ప్రభాకర్ చెప్పుల వైపు చూశాడు. నీలి వైపు చూడలేదు. "ఇంటికి పో. పదిమందిల ఇజ్జత్ తియ్యకు," అన్నాడు. ఆమె కదలకపోయేసరికి తమ లంబాడీ భాషలో ఇంకో మాట అన్నాడు. ఊరివాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. మొగుడు పెళ్లాన్ని తిట్టాడని మాత్రం అర్థమైంది. అది చాలు వాళ్లకు.

నీలి వెనక్కి వచ్చింది. ఖాళీ చేతులు చూసి సోమ్లీ మొహం గోడ వైపు తిప్పుకుంది.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది, దాని వెనకే వాన. మొదటి గాలికే యూరియా సంచులు రెండు లేచి చింతచెట్టుకు తగులుకున్నాయి. వెనక గోడ మీద నీళ్లు కారాయి. నీలి ఇంట్లో ఉన్న గిన్నెలు, బిందెలు తెచ్చి కుప్ప మీదే పెట్టింది. అవి నిండితే ఒలికేది పత్తి మీదనే అని తెలిసి మళ్లీ తీసింది. అప్పుడు సైకిల్ నడిపించుకుంటూ తండా రాంజీ వాకిలి ముందు నుంచి పోయాడు. శిబిరం ఇంకా ఉందా అని నీలి కేకేసి అడిగింది.

"టెంటు ఎప్పుడో ఇప్పిండ్రు," అన్నాడు రాంజీ. "పటేలు కల్లంల మక్కజొన్నల కుప్ప ఉన్నది గద. పరదా దాని మీద కప్పుతుండ్రు. మీ ఆయననే అంచు తొక్కి పట్టుకున్నడు."

నీలి లోపలికి వచ్చి పత్తి మోసే గంప తీసుకుంది.

తలుపు వైపు పెంకులు బాగున్నాయి. గదిలో తడవని జాగా అదొక్కటే. వెనకనున్న పత్తి ముందుకు రావాలి. ముందు మంచం ఉంది. గంపతో తెచ్చి మంచం చుట్టూ పోసింది. మంచం కిందున్న కట్టెలు వానలోకి విసిరి అక్కడా కుక్కింది. ఇంకా సగం కుప్ప వెనకే ఉంది, దాని మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. గంప కింద పెట్టి మంచం కోళ్లు పట్టుకుంది.

"నన్ను యాడికి ఈడుస్తున్నవే?" అంది సోమ్లీ.

"తల లోపట్నే ఉంటది అత్తా."

మంచాన్ని గడప మీదుగా సగం బయటికి లాగింది. సోమ్లీ తల, భుజాలు తలుపుకు లోపల, నడుము నుంచి కాళ్ల దాకా చూరు కింద. వాన గాలితో పక్క నుంచి కొడుతోంది, చూరు ఆపలేదు. నీలి ఆమె కాళ్ల మీద గొంగడి కప్పింది. కాసేపటికి గొంగడి తడిసి బరువెక్కింది. బరువుగా ఉంది తియ్యమని సోమ్లీ అడిగింది. చేతుల్లో గంప ఉండడంతో నీలి తర్వాత తీస్తానంది. తర్వాత కూడా గంపే ఉంది. ముసలామె మొదట తిట్టింది. తర్వాత చలి అంది. ఆ తర్వాత పళ్లు కొట్టుకుంటున్న చప్పుడే వినబడింది. నీలి పత్తి మోస్తూనే ఉంది.

మసక పడుతుండగా అమర్‌సింగ్ వచ్చాడు. బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. మంచాన్ని ఒరుసుకుని లోపలికి దూరాడు. తల్లి మీద చెయ్యి ఆనించి దూరాడు కాని ఆమెను చూడలేదు. పత్తి ఎంత తడిసిందని నీలిని అడిగాడు. వెనక అడుగున కొంత పోయిందని, ముందుకు తెచ్చింది బాగుందని ఆమె చెప్పింది. పరదా మాట ఇద్దరూ ఎత్తలేదు.

అతను కూర్చుని తలుపు దగ్గరి కుప్పలో చెయ్యి పెట్టాడు. పిడికెడు తీసి పిండాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తెరిచిన తలుపులోంచి జల్లు లోపలికి వస్తోంది. ముందు వైపు పత్తి మీద తేమ పట్టింది.

"తలుపు ముయ్యకుంటే ఇది గుడ పోతది," అన్నాడు.

నీలి మంచం వైపు చూసింది. ఆ మాట కోసమే పొద్దుగూకులూ కాచుకున్నట్టు ఆమెకు అప్పుడు తెలిసింది.

అమర్‌సింగ్ లేచి మంచం తలాపు దగ్గరికి వంగాడు. కొడుకు తనను ఎత్తి లోపల పడుకోబెట్టడానికి వచ్చాడనుకుంది సోమ్లీ. రెండు చేతులూ ఎత్తి అతని మెడ చుట్టూ వేసింది. "మెల్లగ బిడ్డా, తుంటి గుంజుతది," అంది.

అతను ఆ చేతులు ఒక్కొక్కటే విడదీసి ఆమె రొమ్ము మీద పెట్టాడు. మంచం పట్టె పట్టుకుని నెట్టాడు. కోళ్లు గడపకు ఒకసారి తట్టుకున్నాయి. ఎత్తి మళ్లీ నెట్టాడు. మంచం బయటికి పోయింది. తలుపు వేసి గొళ్లెం పెట్టాడు, గాలికి తెరుచుకోకుండా వీపు ఆనించి కూర్చున్నాడు. రొట్టె ఉందా అని అడిగాడు.

బయటి నుంచి "యాడీ, యాడీ" అని వినబడింది. సోమ్లీ తన తల్లిని పిలుస్తోంది. ఆ తల్లి పోయి ఎన్నేళ్లయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

నీలి రొట్టెలు తీసి అతని ముందు పెట్టింది. గంప తీసుకుని వెనక్కి పోయింది. మంచం తీసిన చోట ఇంకా రెండు గంపల పత్తి పట్టింది.