ఎవరు పలికారు

ఆసుపత్రి నెట్‌వర్క్ ఇంజనీరుకు శకునాల మీద నమ్మకం లేదు. పింగ్ మీద ఉంది. ఒక చిరునామాకు పిలుపు పంపితే అక్కడి మిషన్ బదులు పలకాలి. పలికితే దారి బాగున్నట్టే. అంతకు మించిన రుజువు అతనికి ఎన్నడూ అవసరపడలేదు.

ఆ ఉదయం ఐసీయూ సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చవలసి ఉంది. రోగుల గుండె గీతలన్నీ నర్సు బల్ల మీది తెరకు చేరేది ఆ సర్వర్ గుండానే. చివరి గదిలో ఉన్న రోగి అతని అక్క భర్త.

“పాడుచేసేవు బావమరిదీ, నా గీత కూడా అందులోనే ఉంది,” అన్నాడాయన.

“ఎలాగూ వంకర గీతే కదా బావా, తేడా ఎవరికి తెలుస్తుంది?”

బావ దగ్గు మధ్య నవ్వాడు.

వాళ్ల విభాగంలో ఒక పద్ధతి ఉంది. అసలు సర్వర్‌ను ఆపేముందు ఒక పాత మిషన్‌కు అదే చిరునామా ఇచ్చి దాని స్థానంలో నిలబెడతారు. పని ముగిశాక పాతదాని వైరు పీకేస్తారు. ఇతను పాతదానిలో గీతలు పంపే ప్రోగ్రాం ఆపాడు. వైరు పీకబోయేంతలో కొత్త సిస్టమ్ లేచింది; చూద్దామన్న ఆత్రంలో అటు తిరిగాడు.

ఫోన్ మోగింది.

“అన్నా, తెర ఖాళీగా ఉంది,” అంది నర్సు.

“పింగ్ వస్తోందమ్మా. తెర ఒకసారి ఆపి మళ్లీ పెట్టు.”

“పెట్టాను, రాలేదు. పక్క వార్డు నుంచి మనుషుల్ని పిలిచి మంచానికొకరిని నిలబెట్టనా?”

“అంత హడావుడి ఎందుకు? రెండే నిమిషాలు.”

రోగుల నిద్ర చెడకూడదని గదుల్లోని యంత్రాల మోత తగ్గించి ఉంచడం ఆ వార్డు అలవాటు. బల్ల మీది తెర మోగుతుందిగా అన్న ధీమా. ఇతను కేబుల్‌ను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం మార్చాడు, బయటి రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ తీసేశాడు. ప్రతిసారీ పింగ్ బుద్ధిగా పలికింది. రెండు నిమిషాలు సాగుతూ పోయాయి.

చివరికి విసిగి సర్వర్ కేబులే ఊడదీశాడు. పింగ్ అప్పుడూ పలికింది.

ఇంతసేపూ పలుకుతున్నది పాత మిషన్. తన చిరునామాలో మరొకరు ఉన్నారని గ్రహించి కొత్త సిస్టమ్ చడీచప్పుడు లేకుండా తప్పుకుంది. పలికిందా అని చూశాడే గాని, పలికింది ఎవరని చూడలేదు.

పాతదాని వైరు పీకి, కేబుల్ మళ్లీ పెట్టాడు. ఇంకా లైన్‌లోనే ఉన్న ఫోన్‌లో బల్ల మీది తెర అలారం మోత వినబడింది. “చివరి గది,” అంటూ నర్సు ఫోన్ పెట్టకుండానే పరుగెత్తింది.

అతను వార్డుకు చేరేసరికి తెర మీద గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. చివరిది మాత్రం ఏ వంకరా లేకుండా సాగుతోంది.

గది బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది.

“బాగైందా తమ్ముడూ? లోపలికి అందరూ పరుగెత్తారు, నాకేం చెప్పరు.”

“మిషన్ బాగైందక్కా,” అన్నాడు.

తర్వాతి మాట డాక్టరు వచ్చి చెప్పకముందే తనే చెప్పాలని ఆమె పక్కన కూర్చున్నాడు.