జబ్బు పడని గ్యాంగు

ద్వారకా నగర్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఆ పథకం పుట్టించిన మహానుభావుడెవరో గానీ, వాడి ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ జ్వరం వచ్చి ఉండదు. పోర్టులో ఓడల సరుకు దించే కంపెనీ అది. ఆర్నెల్లపాటు గ్యాంగులో ఒక్కడు కూడా ఫస్ట్ ఎయిడ్ గది గడప తొక్కకపోతే గ్యాంగంతటికీ మిక్సీలట! ఒక్కడు తొక్కినా అందరికీ సున్నా. పైగా దాని పేరు ‘ఆరోగ్యమే ఆనందం’.

ఆ గడువు ఇంకో వారంలో తీరుతుందనగా, క్రేను ఆపరేటరు అప్పలరాజుకి పట్టపగలు బొగ్గు ఓడ పక్కన కుడిచెయ్యి చచ్చుబడింది. మూతి పక్కకి లాగింది. గ్యాంగులో నలుగురు క్రేను మీంచి కిందికి దింపారు. ఫస్ట్ ఎయిడ్ గది కళ్ళెదుటే ఉంది, దాని ముందు అంబులెన్సూ ఉంది. మేస్త్రి తిరుమలరావు అడ్డం పడ్డాడు. అప్పలరాజుతో ఒకే క్యారేజీలో అన్నం తినే మనిషి.

“గాబరా పడకు బావా. ఇక్కడికెల్తే రాసీసుకుంటారు, అందరం పోతాం. గేటు దాటించీసి ఆటోలో ఆస్పత్రికి తీసుకెల్తాను. ఇంటికాడ పడిపోనావని సెప్దారి.”

చెడ్డవాడు కాడు తిరుమలరావు. అందుకే ఇంకా కడుపు మండుతుంది. అప్పలరాజు యూనిఫారం విప్పి తన చొక్కా తొడిగాడు, భుజం మీద మోశాడు. గేటు దగ్గర సెక్యూరిటీతో, “రాత్రి తాగీసినాడు బాబూ, ఇంకా దిగలేదు” అని నవ్వాడు కూడా. ఆటో పోయి పోయి పూర్ణా మార్కెట్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుంది. కాస్త ముందు తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదన్నాడు డాక్టరు.

ఇంటి దగ్గర పడ్డవాడితో కంపెనీకి పనిలేదు. డ్యూటీలో పడ్డవాడికైతే కూర్చుని చేసుకునే పని ఇవ్వాలి. అప్పలరాజు బతుకు ఆశంతా అదే. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది, చెప్పినా సాక్ష్యం లేనిదే నమ్మరు. అతని భార్య అసిరమ్మ వెళ్ళి తిరుమలరావు గుమ్మంలో కూర్చుంది.

“అన్నియ్యా, జరిగిందేటో ఒక్క ముక్క సెప్పు. నీ కాళ్ళట్టుకుంటాను.”

“మిక్సీలిచ్చే రోజు మీటింగులో అందరి ముందూ సెప్తాను సెల్లీ. నా పిల్లల మీద ఒట్టు.”

నమ్మింది. అప్పలరాజూ నమ్మాడు.

మీటింగు రోజు షెడ్డులో సమోసాలు, ఓ మూల మిక్సీ డబ్బాలు. పథకం ఎంత పనిచేసిందో తేల్చడానికి ఆఫీసు నుంచి ఆశాజ్యోతి మేడమ్ వచ్చింది. అప్పలరాజు వెనక గోడకానుకుని నిలబడ్డాడు.

“దీనివల్ల మేలు జరిగిందనుకునేవాళ్ళు చేతులెత్తండి” అందావిడ.

గ్యాంగంతా ఎత్తింది. అందరికంటే ముందు తిరుమలరావు ఎత్తాడు.

“వెనకాల మీరొక్కరే ఎత్తలేదేం?”

అప్పలరాజుకి తిట్లు గొంతుదాకా వచ్చాయి. మింగేశాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చచ్చిన చేతిని తలపైదాకా లేపాడు.

“ఎత్తతన్నాను మేడమ్... సూడండి.”

“అయ్యో, చేతికేమైంది?”

చెప్పాల్సిన మాటకి ఇంతకన్నా మంచి అదును ఇంకెప్పుడొస్తుంది? అప్పలరాజు తిరుమలరావు వైపు చూశాడు. తిరుమలరావు మిక్సీ డబ్బాల వైపు చూశాడు. దొంగచాటుగా గేటు దాటించిన సంగతి బయటపడితే పోయేది మిక్సీలొక్కటే కాదని అతనికి తెలుసు.

“ఇంటికాడ పడిపోనాడండి” అన్నాడు.

“పాపం” అంది మేడమ్. “సరే, ఆయన చెయ్యి కూడా లెక్కలో కలుపుకుంటాను.”

అసిరమ్మ గేటు బయటే కాచుకుని ఉంది. మొగుడు కాలీడ్చుకుంటూ వస్తున్నాడు. వెనకాలే తిరుమలరావు, రెండు చంకల్లో రెండు డబ్బాలు. ఆ డబ్బాలు చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది.

“బావ వాటా, సెల్లీ” అని ఒక డబ్బా చాపాడు.

“మాకొద్దన్నియ్యా” అంది అసిరమ్మ. “నీ పిల్లలకే ఇయ్యి. ఆల మీదే గదా ఒట్టేసినావు.”