నాలుగో మనిషి చోటు

పత్తర్‌గట్టి వెనక గల్లీలో, ఒక ఇంటి కిందివాటాలో సూర్యప్రభ టీచరమ్మ రోజూ సాయంత్రం కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పేది. ఆమె మధ్యలో పీట వేసుకుని కూర్చుంటే, చుట్టూ చేరినవాళ్లు ఒకరినుంచి ఒకరు వీలైనంత దూరంగా వాళ్లంతట వాళ్లే జరిగిపోయేవాళ్లు. ఇద్దరైతే చెరో పక్క. ముగ్గురైతే ముక్కోణం. నలుగురైతే ఆమె పీట కాస్త లేచేది, ముగ్గురు నేల మీద ఉండి, నాలుగోవాళ్లు ఆమె నెత్తి మీదికి తేలేవాళ్లు. చుట్టాలొచ్చినప్పుడు ఆమె భర్త విఠల్‌రావు కంచం పట్టుకుని గాల్లోనే భోంచేసేవాడు. "చారు జాగ్రత్త" అనేది సూర్యప్రభ, అంతే.

1958లో ఆమె దగ్గర ముగ్గురు ఆడపిల్లలు చదివేవాళ్లు. వాళ్లలో విమల, పైవాటాలో ఉండే ఇంటి యజమాని, బట్టల వ్యాపారి ప్రహ్లాద్ సేటు కూతురు. ఆ వానాకాలం ముగ్గురే ఉన్నా టీచరమ్మ పీట లేచింది. పిల్లలు దగ్గరికి జరిగి మోకాళ్లు గుద్దుకోసాగారు.

"టీచరమ్మా, వీళ్లను జర జరుగుమను" అని మొత్తుకున్నది విమల.

సూర్యప్రభ అప్పుడు అమ్మోనియా చెబుతున్నది. "నైట్రోజన్ చుట్టు హైడ్రోజన్లు మూడే. అయినా బల్లపరుపుగ ఉండదు. ఎందుకు? నాలుగో ఎలక్ట్రాన్ జంట ఒకటి ఉన్నది. దాన్ని ఎవ్వలూ పంచుకోలే. ఒంటరిది గాబట్టి ఎక్కువ చోటు కావాలంటది, మిగిలినవాటిని నెడతది. అణువులోని విద్యుదావేశం సుత ఆ దిక్కుకే మొగ్గుతది..."

ఆ మాట మీదే ఆగి తలెత్తింది. పైకప్పులో వెలుతురు కోసం పెట్టిన జాలీ వెనక రెండు కళ్లు. సేటు కోడలు సావిత్రి. పెళ్లితో తొమ్మిదో తరగతిలోనే చదువు ఆగిపోయిన పిల్ల, బోర్లా పడుకుని వింటున్నది.

"కిందికి రా బిడ్డా."

సావిత్రి వచ్చి కూర్చుంది. మెల్లగా పైకి తేలి కుదురుకున్నది. మోకాళ్లు విడిపోయాయి. ఏ దిక్కుకూ మొగ్గు లేదు.

అంతలో సేటు వచ్చాడు. కోడలు గాల్లో ఉన్నందుకు కాదు, చెప్పకుండా వచ్చినందుకు ఆయనకు కోపం. "కోడండ్లకు చదువేంది? నడువు పైకి!"

సావిత్రి కొంగు సర్దుకుని దిగిపోయింది. జాలీ మీద చెక్క కొట్టించాడు సేటు.

మర్నాడు మోకాళ్లు ఇంకా గట్టిగా గుద్దుకున్నాయి. విమల కమిలిన మోకాలు తండ్రికి చూపించింది. సేటు దిగొచ్చాడు.

"జాలీ మూయించిన గద టీచరమ్మా. ఇంకేం లొల్లి?"

"జాలీ మూస్తే మనిషి లేకుంట పోతదా సేటూ? చోటియ్యకుంటె గట్లనే నెడతది."

"మా కోడలికి గీ చదువు సమజైతదా?"

"పిలిచి అడగండి."

సేటు కూతురి కమిలిన మోకాలు చూశాడు, టీచరమ్మ నెత్తి మీది ఖాళీ చోటు చూశాడు. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి కేకేశాడు. "సావిత్రీ! వంట మీ అత్త చూసుకుంటది. వచ్చి నీ జాగల కూసో."

సావిత్రి తన చోటికి తేలింది. తర్వాత మొదటిసారి గొంతు విప్పి అడిగింది.

"టీచరమ్మా, నీళ్లల్ల ఆక్సిజన్‌కు గట్ల ఒంటరి జంటలు రెండు మిగులుతయి గద. మరి నీళ్ల అణువు ఇంకింత వంగాలె గద?"

సూర్యప్రభ ఇంకా నీళ్ల పాఠం మొదలుపెట్టనే లేదు. నవ్వి, సుద్దముక్క పైకి అందించింది. "ఎట్ల వంగుతదో నువ్వే గీసి చూపియ్యి."

సావిత్రి పలక తీసుకుని గీయసాగింది. మెట్ల మీద ప్రహ్లాద్ సేటు చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆమె చెప్పేది వినడానికి కూర్చున్నాడు.