సెగుండా తోలు

ఉక్కునగరం కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే సెగుండా చినిగింది. హోండూరాస్ నుంచి వచ్చిన గరీఫునా జాతి పాటల బృందం వాళ్ళ పెద్ద డోలు అది, ఒకే మాను తొలిచి చేసింది. వానకు చెమ్మగిల్లిందని కమిటీలో ఎవడో తెలివైనవాడు ఫోకస్ లైటు ముందు పెట్టాడు. తోలు టప్పున పగిలింది. పెద్దది తాళం పట్టకపోతే చిన్న డోలు, వాళ్ళు వాయించే తాబేటి డిప్పలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం.

డోలు వాయించే మార్టీనెజ్ దగ్గర ఇంకొక్క తోలే ఉంది. దాన్ని బక్కెట్లో నానబెట్టాడు. "కట్టేది మా మామ, ఆయన రాలేదు. పని తెలిసిన ఇంకో చెయ్యి కావాలి" అని ఇంగ్లీషులో మొత్తుకున్నాడు.

"తోలు పనోళ్ళు మన సెక్టార్లో ఎందుకుంతార్రా?" నవ్వాడు కమిటీ కార్యదర్శి వీరేంద్ర. "ఆ కంపు మనకెందుకు. ఏటి బావా, అంతేనా?"

పక్క క్వార్టరు ఐజాక్, కుర్చీలు మోస్తున్నవాడు, తలూపాడు. పన్నెండేళ్ళుగా ఊపుతూనే ఉన్నాడు. ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. తండ్రి డప్పులు కట్టి బతికాడు. భార్య ఫ్లోరా మాత్రం "మా మాంగారు బడిపంతులు" అని కాలనీ అంతా చెప్పింది. ఐజాక్ కాదనలేదు. కాదంటే ఎవరింట్లో కాఫీ దొరుకుతుంది?

మధ్యాహ్నం దాటింది. ఎవరూ దొరకలేదు. మార్టీనెజ్ నానిన తోలుని డోలు మీద పరిచి తాడు వేశాడు.

"తాడు లాగడానికి డిగ్రీ కావాలా?" అంటూ వీరేంద్రే ముక్కు మూసుకుని, ఒంటిచేత్తో లాగాడు. తోలు అంచున సన్నగా చిటపటమంది.

"వదులు! వదిలీ బావా!" ఐజాక్ గొంతు చించుకున్నాడు. "నీళ్ళోడతన్న తోలుని అలా బిగిత్తే ఆరినాక సీలిపోద్ది. అరతడికి రానీ!"

అందరూ తిరిగారు.

"నీకెలా తెల్సు?" అడిగాడు వీరేంద్ర.

యూట్యూబులో చూశానంటే సరిపోయేది. కానీ బొటనవేలు అప్పటికే తోలు అంచుని నొక్కి చూస్తోంది, తండ్రి నేర్పినట్టే.

"మా అయ్య డప్పులు కట్టీవోడు. నాను తోలు పట్టుకునీవోడ్ని."

మార్టీనెజ్‌కి ఆ మాటలు అర్థం కాలేదు. తాడు తెచ్చి ఐజాక్ చేతిలో పెట్టాడు, అంతే.

సాయంత్రం సెగుండా మోగింది. తోలు మీద అడ్డంగా కట్టిన తీగ దెబ్బదెబ్బకీ జుమ్మంటుంటే కుర్చీలు అదిరాయి. మూడో వరసలో ఫ్లోరా తలెత్తలేదు.

మధ్యలో వీరేంద్ర టీలు పంచాడు. అందరికీ చేతికిచ్చాడు. ఐజాక్ దగ్గరకొచ్చి కప్పు పక్క కుర్చీ మీద పెట్టాడు.

"తీసుకోండి, ఐజాక్ గారూ."

పన్నెండేళ్ళలో ఆ 'గారు' మొదటిసారి.

"ఏటి బావా," ఐజాక్ వరసంతా వినేలా అడిగాడు, "సేతికి ఇవ్వలేవా?"

వీరేంద్ర ట్రే పట్టుకుని ముందు వరసకి పోయాడు. కప్పులో టీ, సెగుండా ప్రతి దెబ్బకీ వణుకుతోంది. ఐజాక్ దాన్ని ముట్టలేదు.