సువాలో ఏడేళ్లు, లౌటోకాలో రెండు

ఈ తీర్పు కాగితంలో అరవై రెండు గంజాయి మొక్కలు, ఆ రెండో కాగితంలోనూ అరవై రెండే, ఫిజీలో ఒకే కొండవాలు, ఒకే చేమతోట చాటున అన్నదమ్ములిద్దరూ నీళ్లు మోసి పెంచినవి, మరి సువా జడ్జికి అవి ఏడేళ్లుగా, లౌటోకా జడ్జికి రెండేళ్లుగా ఎలా కనిపించాయి, ఆ రెండేళ్లూ లోపలికి పోనక్కర్లేదట, బుద్ధిగా ఉంటే ఇంట్లోనే గడపొచ్చట, తరైవీనీ లాయరమ్మ గదిలో కుర్చీ అంచున కూర్చుని రెండు తీర్పుల్నీ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది, పైన రేకుల మీద వాన దడదడలాడుతోంది, మరిది ఇలైతియాకు విచారణ వారం డెంగీ రాకపోతే ఇద్దరూ ఒకే బోనులో నిలబడేవాళ్లు, వచ్చింది, లౌటోకా ఆసుపత్రిలో పడ్డాడు, అతని ఫైలూ అక్కడికే పోయింది, తన మొగుడు సవెనాకాను ఏ దోమా కుట్టలేదు కాబట్టి ఏడేళ్లు, సువా జడ్జి తల ఎత్తకుండా చదివాడు, ఈ కొండల్లో ఇది తెగులులా పాకుతోంది, ఒకడికి గట్టిగా పడితే పదిమందికి భయముంటుంది అని, లౌటోకా జడ్జి మాత్రం నీకు పిల్లలెందరని ఇలైతియాను అడిగిందట, ఇద్దరమ్మా అన్నాడట, రోడ్డు తెగి దుంపలన్నీ కొండ మీదే కుళ్లిపోయాయా అని కూడా అడిగిందట, సవెనాకాకు ముగ్గురు, ఆ కుళ్లిన దుంపల్లో సగం అతనివే, అతన్నెవరడిగారు.

వింటున్నావా అమ్మా, అంటోంది లాయరమ్మ, ఒకే నేరానికి రెండు రకాల శిక్షలు పడ్డాయన్నదే మన బలం, కానీ మీ మరిది తీర్పు ముందు పెడితే సర్కారు వకీలు ఊరుకోకపోవచ్చు, అసలు ఆ రెండేళ్లే తప్పు, పెంచండి అని, మనలాగే గడువు దాటినా అనుమతి అడగొచ్చు, అడిగితే ఏమవుతుందంటే చెప్పలేనంటుంది, పైన ఎవరు కూర్చుంటారో దాన్నిబట్టి అంటుంది, మళ్లీ అదే, ఎవరు కూర్చుంటారో, చట్టం ఒకటే అయినప్పుడు కుర్చీలో ఎవరుంటే ఏమిటి, సవెనాకా తరఫున అప్పీలు కాగితం మీద సంతకం పెట్టాలి, నిన్న తోడికోడలు ఉనాయిసి గుమ్మంలో కూలబడి ఏడ్చింది, అక్కా నీ కాళ్లు పట్టుకుంటా, ఆయన్ని ఇందులోకి లాగకు అని, నీ మొగుడు నీ పక్కనే పడుకుంటున్నాడు కదే, నీకేం తెలుసు, అనాల్సిన మాట కాదు, అయినా తను అనేసింది, పదకొండు నెలలుగా ప్రతి శనివారం ఇలైతియా వచ్చి అన్న చేలో కలుపు తీస్తున్నాడు, ఎవరూ పిలవకుండానే, ఆ పార చప్పుడు వింటే తనకు ఒళ్లు మండిపోతుంది, టీ పోసి ఇస్తుంది, ముఖం మాత్రం చూడదు, నిన్న పెళ్లాం వెనక నిలబడి అతనే అన్నాడు, వదినా, నా పేరు రాయించు, అన్నయ్య అక్కడుంటే నాకిక్కడ ముద్ద దిగట్లేదు, ఉనాయిసి లేచి అతని వీపు మీద చరిచింది, నోర్ముయ్యి, మహా త్యాగివి బయల్దేరావు, పిల్లలకి నేనేం చెప్పుకోను.

రాయించు అన్నాడు, తనకు కావాల్సిందీ అదే కదా, మరి చెయ్యెందుకు కదలదు, రేపు పై కోర్టులో ఒక కోపిష్టి కూర్చుని సవెనాకా ఏడేళ్లు అలాగే ఉంచి ఇలైతియాకూ ఏడేళ్లు వేస్తే, సరికి సరి, ఇంకెవరూ తప్పు పట్టలేరు, ఆ తలపుకి గుండెలో ఏదో చల్లబడింది, హాయిగా, ఆ హాయికి తనే ఉలిక్కిపడింది, లాయరమ్మా, మరిది ఊసెత్తకుండా రాయలేమా, రాయొచ్చు, ఈ శిక్షే ఎక్కువ అని రాయొచ్చు, కానీ బలం సగానికి పడిపోతుంది, అలాగే రాయండి, ఆలోచించుకునే అంటున్నావా, రాయండమ్మా, సంతకం పెట్టి మరిది తీర్పును మడిచి సంచిలో దోపుకుంది, కోపం పోలేదు, ఆ జడ్జి మీద, ఈ జడ్జి మీద, ఫైళ్లు పంచినవాళ్ల మీద అలాగే ఉంది, కానీ పదకొండు నెలలుగా చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని తను దేవుణ్ణి అడుగుతూ వచ్చింది సవెనాకాను బయటికి పంపమని కాదని, ఇలైతియాను లోపలికి పంపమనేనని, ఆమెకు ఇప్పుడే తెలిసింది.