అర శృతి ఎక్కువ

స్టేజీ ఎక్కితే మజర్‌కు పేరుండదు. మైకు పట్టుకున్నాయన "ఇప్పుడు మన జూనియర్ గురువుగారు" అంటాడు, జనం చప్పట్లు కొడతారు, మజర్ తల వంచి సలాం చేస్తాడు. ముప్పై రెండేళ్లుగా ఇదే తంతు. పగలంతా మండిబజార్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే మనిషి, సాయంత్రం తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా తొడిగితే, ఎప్పుడో కన్నుమూసిన ఒక సినిమా గాయకుడి గొంతు అయిపోతాడు. ఆ గాయకుణ్ణి ఆర్కెస్ట్రాలో అందరూ గురువుగారనే అంటారు. ఆయన్ని కళ్లారా చూసినవాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని నవ్వినవాళ్లూ ఉన్నారు. నవ్వనీ. వాళ్లింట్లో పెళ్లి కుదిరితే పాట కోసం మళ్లీ మజర్ కొట్టు ముందే నిలబడాలి. పాట ఫోన్లో దొరకదా అంటే దొరుకుతుంది, పైసా ఖర్చు లేకుండా. కానీ ఫోన్లో పాట ఎన్నిసార్లు విన్నా ఎక్కడా తడబడదు. ఎదుట మనిషి పాడుతుంటే ఎక్కడ జారిపోతాడో అని మన గుండె కూడా వాడితోపాటు మెట్లెక్కుతుంది. జనం డబ్బిచ్చి కొనుక్కునేది ఆ భయాన్నే అని నా అనుమానం.

పోయినేడు ఆ భయం నిజమైంది. గురువుగారి వర్ధంతి నాడు ఏటా హన్మకొండలో భానుచందర్ ఆర్కెస్ట్రా కచేరి పెడుతుంది. ఆఖరి పాట ఎప్పుడూ ఆయన పడవ పాటే, పాడేది ఎప్పుడూ మజరే. మూడో చరణంలో గొంతు ఆకాశానికి ఎగిరే చోటొకటుంది. పోయినేడు అక్కడ మజర్ గొంతు పగిలింది. జనం మంచివాళ్లు, చప్పట్లు కొట్టారు. జాలిపడి కొట్టిన చప్పట్లు ఎలా ఉంటాయో మజర్‌కు ఆనాడు తెలిసింది.

ఈ ఏడు రిహార్సల్స్ మొదలుకాగానే భానుచందర్ పక్కకు పిలిచాడు.

"మజర్ భాయ్, ఏమనుకోకు. యాభై ఎనిమిదేండ్లొచ్చినయి నీకు. ఈసారి గూడ గాడ పలకకపోతే ఆఖరి పాట శశాంక్‌కు ఇద్దాం. మిగిలిన పాటలు నీయే."

శశాంక్ హసన్‌పర్తిలో లెక్కల లెక్చరర్. మంచి గొంతు, మంచి మర్యాద. కోపం తెచ్చుకుందామన్నా మజర్‌కు సందు దొరకలేదు.

"పలుకుతది అన్నా. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

పెరుగు మానేశాడు, పచ్చడి మానేశాడు. పొద్దున నమాజు కాగానే ఖిలా మట్టికోట కట్ట మీదికి వెళ్లి మేకలు తప్ప ఎవరూ వినని చోట సాధన చేశాడు. భార్య షాహీన్ అల్లం కషాయం పెట్టి పెట్టి, "గా పాట లేకపోతే బతుకలేవా?" అని విసుక్కుంది. లేకపోతే బతకగలడని మజర్‌కు నమ్మకం లేదు.

పది రోజులకు రిహార్సల్లో పాడాడు. మళ్లీ అక్కడే, అదే మెట్టు మీద పగిలింది. భానుచందర్ చాయ్ తాగే నెపంతో కిందికి దిగిపోయాడు.

కీబోర్డు వాయించే పూజ మాత్రం కదల్లేదు. కొత్తగా చేరిన పిల్ల, బడిలో సంగీతం టీచరు. ఫోన్లో గురువుగారి పాట పెట్టి చెవికి ఆనించుకుని, ఒక మెట్టు నొక్కి, మళ్లీ విని, మళ్లీ నొక్కింది.

"అంకుల్, మీరు గింత పైన ఎందుకు పాడుతున్నరు?"

"గురువుగారు ఎట్ల పాడిండ్రో అట్లనే పాడుతాన బిడ్డా."

"లేదంకుల్. గురువుగారు పాడింది ఒకటిన్నర శృతిల. మీరు రెండుల పాడుతున్నరు. అర శృతి ఎక్కువ. ఇగో వినుండ్రి."

మజర్ విన్నాడు. పాట అదే, గొంతు అదే. కానీ ఏదో కాస్త నిదానంగా, కాస్త బరువుగా, తీరుబడిగా కూర్చుని పాడినట్టు ఉంది. మధ్యలో ఎన్నోసార్లు రేడియోలో, పెళ్లి పందిళ్లలో వినే ఉంటాడు. చేతిలో వాయిద్యం లేనివాడికి అర శృతి ఎక్కడ తెలుస్తుంది? పాత కీబోర్డాయన మజర్ గొంతు ఎక్కడుంటే అక్కడ మెట్లు వెతుక్కునేవాడు. మజర్ నేర్చుకున్నది క్యాసెట్ నుంచి. ఆ క్యాసెట్ కొన్నది చౌరస్తా దగ్గర శ్రీనివాస్ సేట్ షాపులో. ఊళ్లో సగం మంది కొన్నదీ అక్కడే.

ఆ సాయంత్రమే వెళ్లాడు. ఒకప్పుడు గోడల నిండా క్యాసెట్లున్న ఆ షాపులో ఇప్పుడు ఫోను చార్జర్లు వేలాడుతున్నాయి. శ్రీనివాస్ సేట్ ముసలివాడయ్యాడు గానీ చెవులు బాగానే ఉన్నాయి. సంగతి విని ముందు నవ్వాడు, మజర్ ముఖం చూసి ఆపాడు.

"గది నా పనే మజర్. అరవై నిమిషాల క్యాసెట్ల పన్నెండు పాటలు పట్టకపోతుండె. పన్నెండోది సగంల తెగితె గిరాకి వాపసు తెస్తుండె. గందుకని డెక్ ఇప్పి మోటర్ స్క్రూ జర తిప్పిన. పాట జర ఉరుకుతది, పన్నెండూ పడతయి. ఎవ్వడు గుర్తు పట్టలే."

"నేను ముప్పై రెండేండ్లు గా స్క్రూ ఎనుక ఉరికిన సేట్!"

కోపంతో అన్నాడో ఏడుపుతో అన్నాడో ఆయనకే తెలియలేదు. గురువుగారు అలవోకగా అందుకున్నారనుకున్న మెట్టు కోసం ఎన్ని తెల్లవారుజాములు గొంతు చించుకున్నాడు! అందిన ప్రతిసారీ, ఆయనకంత సులువైంది నాకింత కష్టమేమిటని సిగ్గుపడ్డాడు. తీరా చూస్తే ఆ ఎత్తులో గురువుగారు అసలు పాడనే లేదు. స్క్రూడ్రైవర్ పాడింది.

"గా క్యాసెట్ ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగాడు వెళ్తూ వెళ్తూ.

"యాడియి? బూజు పట్టినయని అన్ని పారబోసిన. నీ దగ్గర లేదా?"

మజర్ దగ్గరున్నది తెగిన చోటల్లా అతికించగా అతికించగా ఎప్పుడో మూగబోయింది.

మర్నాడు ఒకటిన్నరలో పాడి చూశాడు. మూడో చరణం గోరువెచ్చని నీళ్లలా గొంతులోంచి జారిపోయింది. పూజ లేచి చప్పట్లు కొట్టింది. భానుచందర్ వచ్చి కావలించుకుని, "ఇంక పదేండ్లు పాట నీదే భాయ్" అన్నాడు. కొండంత బరువు దిగినట్టే. అయినా మజర్ ఆ రాత్రి సరిగా తిన్లేదు. షాహీన్ ఏమైందని అడిగితే, "ఏం కాలే, మంచిగ పాడిన," అన్నాడు దిగులుగా.

వర్ధంతి నాడు ఆరింటికే హాలు నిండింది. పరకాల నుంచి, పాలకుర్తి నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. ముందు వరుసలో శ్రీనివాస్ సేట్ తప్పు చేసినవాడిలా ఒదిగి కూర్చున్నాడు. పాటలన్నీ బాగా సాగాయి. ఆఖరి పాట ముందు మజర్ కీబోర్డు దగ్గరికి నడిచాడు.

"రెండు పెట్టు బిడ్డా."

పూజ బిత్తరపోయింది. "అంకుల్, పలకదు!"

భానుచందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం పిచ్చి పని భాయ్? పగిల్తె పాట పోతది నీ చేతిల నుంచి."

"పోనీ అన్నా. ఒకటిన్నరది ఫోన్లల్ల ఉన్నది, ఎప్పటికి ఉంటది. శశాంక్ నాకంటె మంచిగ పాడతడు, ఆయనకే ఇయ్యి. గీ రెండుది యాడ ఉన్నది చెప్పు? సేట్ క్యాసెట్లు పోయినయి. ఈళ్లందరు పడుచుతనంల విన్నది గిదే. ఒక్కసారి పాడి దిగిపోత."

పాట మొదలైంది. మొదటి గుక్కకే, ఏటా లాగానే, హాల్లో వెనక్కి వాలి కూర్చున్నవాళ్లు ముందుకు వంగారు. ఎందుకో వాళ్లకు తెలియదు. పెళ్లి కాని రోజులు, కిరాయి గదులు, కిటికీలో పెట్టిన టేప్ రికార్డర్లు, అన్నీ ఇదే ఉరుకులో ఉన్నాయి వాళ్లకు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీనివాస్ సేట్ కళ్లు తుడుచుకోవడం మజర్ చూశాడు.

మూడో చరణం వచ్చింది. మజర్ కళ్లు మూసుకోలేదు. ఎగిరాడు. అందిందని కొందరంటారు, పగిలిందని కొందరంటారు. కీబోర్డు అబద్ధం చెప్పదు కాబట్టి పూజ మాట నమ్మితే, కాస్త తగ్గింది, చివర జీర కూడా వచ్చింది. జనం మాత్రం లేచి నిలబడ్డారు. అది జాలి కాదని మజర్‌కు తెలుసు. జాలి చప్పట్లు పోయినేడే విని ఉన్నాడు.

స్టేజీ వెనక తెల్ల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మనసు తేలికైంది, దుఃఖంగానూ ఉంది. ముప్పై రెండేళ్ల పాటను తన చేత్తోనే ఇచ్చేశాడు మరి. శశాంక్ మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సార్, వచ్చే ఏడు నేను పాడాల్నంట."

"పాడు నాయనా. ఒకటిన్నరల హాయిగ పాడు. ఫోన్ల ఉన్నది చూసుకో."

"అది నాకు వస్తది సార్. రెండుది ఫోన్ల లేదు గద." శశాంక్ కాస్త తటపటాయించాడు. "మీరు నేర్పితేనే వస్తది. రేపు ఆదివారం, కాలేజీ లేదు. ఎన్ని గంటలకు రావాలె?"

మజర్ సీసా ఎత్తి తాగి మూత బిగించాడు. ముప్పై రెండేళ్లు జూనియర్‌గా బతికినవాణ్ణి ఇన్నాళ్లూ ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"పొద్దున అయిదున్నరకు కోట కట్ట మీదికి రా," అన్నాడు. "పెరుగు తినకు."